జపనీస్ పార్టికల్స్ అందాజాగా పెట్టేస్తున్నారా? తెలుగులోంచి ప్రాక్టీస్ చేసి చూడండి

వైట్‌ఫీల్డ్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ జపనీస్ నేర్చుకుంటున్నారు. జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో మొదటి మెట్టు ఎన్5 గట్టెక్కింది, డిసెంబర్‌లో తర్వాతి మెట్టు ఎన్4 రాయాలి. కంజీలు (చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు), పదాలు పర్వాలేదు గానీ పార్టికల్స్ (మన కి, లో, తో లాంటి చిన్న ముక్కలు) దగ్గరికొచ్చేసరికి టెన్షన్. యాప్‌లో నాలుగు ఆప్షన్లు కనిపిస్తే ఏదో ఒకటి నొక్కేస్తున్నారు. నోరు తెరిచి మాట్లాడాలంటే మాత్రం ఏది తగిలించాలో తోచడం లేదు. ప్రాక్టీస్‌కి దారులు చెప్పమన్నారు.

నేను బిడది దగ్గర ఒక ఆటో విడిభాగాల కంపెనీలో చాలా ఏళ్ళుగా జపనీస్ ఇంటర్‌ప్రెటర్‌ని. శని, ఆదివారాల్లో కొంతమందికి పాఠాలు చెబుతాను, వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా పరిచయం.

అసలు చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, బెంగళూరు క్లాసులో కన్నడిగులు, తమిళులు, హిందీవాళ్ళు, మనం అందరం కలిసి కూర్చుంటాం కాబట్టి టీచర్ ఇంగ్లీష్‌లో చెప్పక తప్పదు. మనం నోట్‌బుక్‌లో ‘ని’ ఎదురుగా ఇన్, ఎట్, టు, ఆన్ అని రాసుకుంటాం. ‘దె’ ఎదురుగా మళ్ళీ ఇన్, ఎట్, బై, విత్. ఇక ఆ రెండింటిలో ఏది వాడాలో దేవుడికే తెలియాలి. జపనీస్‌లో పార్టికల్ నామవాచకం వెనకాల అంటుకుంటుంది, క్రియ వాక్యం చివర్లో వస్తుంది. ఇది మన వాక్యమే. కి, లో, తో, నుంచి, వరకు అంటూ పుట్టినప్పటి నుంచి ఇదే పని చేస్తున్నాం. మధ్యలో ఇంగ్లీష్‌ని దళారీగా పెట్టుకోవడం దేనికి?

నేను చెప్పేది ఒక్కటే. తెలుగు వాక్యం నుంచి నేరుగా జపనీస్ వాక్యానికి వెళ్ళే ప్రాక్టీస్ చేయండి. రెండు భాషలూ ఒకే దారిలో నడిచే చోట టైమ్ వృథా చేయొద్దు. దారి చీలే చోట మాత్రమే కూర్చుని కసరత్తు చేయండి. ఆ చోట్లు ఏవో కింద చెబుతాను.

ముందు ఉచ్చారణ గురించి ఒక ముక్క. మనవాళ్ళు ‘వా’, ‘గా’, ‘దే’, ‘తో’ అని సాగదీస్తారు. అవన్నీ హ్రస్వాలే: వ, గ, ఒ, ని, దె, ఎ, తొ, మొ, నొ. పార్టికల్‌కి ముందు ఆగకూడదు కూడా. ‘ఇంటికి’ని ‘ఇంటి... కి’ అని విడదీసి పలకం కదా, అలాగే ‘ఇఎని’ని ఒక్క ఊపులో అనాలి. ఆగాలనుకుంటే పార్టికల్ తర్వాత ఆగండి. ఆలోచించుకోవడానికి టైమ్ దొరికేది కూడా అక్కడే.

ఇప్పుడు ఉచితంగా వచ్చేవి చూద్దాం. ‘నాకు’తో మొదలయ్యే మన వాక్యాలు ఇంగ్లీష్ మీడియం బుర్రకి తలనొప్పి గానీ జపనీస్‌కి దగ్గరి చుట్టాలు.

నాకు కాఫీ ఇష్టం. వతషి వ కోహీ గ సుకి దెస్.
నాకు జపనీస్ అర్థమవుతుంది. వతషి వ నిహొంగొ గ వకరిమస్.
నాకు డబ్బు కావాలి. వతషి వ ఒకనె గ హొషీ దెస్.
నాకు తమ్ముడు ఉన్నాడు. వతషి వ ఒతోతొ గ ఇమస్.

ఇంగ్లీష్‌లోంచి వచ్చేవాడు ‘కాఫీని’ అనుకుని ‘కోహీ ఒ సుకి’ అంటాడు. తెలుగులో ‘నాకు కాఫీని ఇష్టం’ అని ఎవరూ అనరు, కాఫీకి ఏ విభక్తీ ఉండదు. ‘నాకు’ వచ్చి అవతలి మాట ఒంటరిగా నిలబడితే అక్కడ ‘గ’ పెట్టేయండి. సుకి, వకరు, హొషీ, ఇరు, అరు, దెకిరు, జోజు, హెత ఇవన్నీ ఈ గుంపులోవే. దీని కోసం విడిగా పట్టికలు బట్టీ పట్టే పని లేదు.

ఇంకోటి ‘తొ’. ‘రవితో వెళ్ళాను’ అనేదానికి ‘రవి-సన్ తొ ఇకిమషిత’ అని అందరికీ ఇట్టే వచ్చేస్తుంది. అదే ‘తొ’ మన ‘అని’ కూడా. ‘రేపు వస్తానని అన్నాడు’ అంటే ‘అషిత కురు తొ ఇత్త’. ‘కష్టమని అనుకుంటున్నాను’ అంటే ‘ముజుకషీ తొ ఒమొఇమస్’. అన్నాడు, అనుకున్నాడు లాంటి క్రియల ముందు ‘అని’ వినిపిస్తే ‘తొ’ వేసుకుంటూ పోవచ్చు.

ఇక నాకు బాగా నచ్చేది ఎవరో, ఎవరూ, ఎవరైనా అనే మూడు. జపనీస్‌లో దరెక, దరెమొ, దరెదెమొ. మన ఓ అక్కడి ‘క’, మన ఊ అక్కడి ‘మొ’, మన ఐనా అక్కడి ‘దెమొ’. ఏదో, ఏమీ, ఏదైనా అంటే ననిక, ననిమొ, నందెమొ. ఎక్కడైనా అంటే దొకొదెమొ. ‘ఎప్పుడూ’ మనకి ‘ఎల్లప్పుడూ’ అన్న అర్థంలోనూ వస్తుంది కదా, ‘ఇత్సుమొ’ కూడా అంతే. అంతెందుకు, ‘వస్తాడో రాడో తెలియదు’ని ‘కురు క కొనై క వకరిమసెన్’ అంటారు, మన రెండు ‘ఓ’లకీ అక్కడ రెండు ‘క’లు. ‘రవీ వచ్చాడు, సీతా వచ్చింది’లోని దీర్ఘాలకి రెండు ‘మొ’లు. క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు పక్కవాళ్ళు పట్టిక గీసుకుంటుంటే మీరు హాయిగా టీ తాగి రావచ్చు.

ఆగు, ఆపు లాంటి జంటలు మా ఫ్యాక్టరీలో రోజూ పనికొచ్చేవి. షాప్ ఫ్లోర్‌లో ఆపరేటర్ వచ్చి మెషిన్ ఆగిపోయింది అంటాడు. ‘కికై గ తొమరిమషిత’ అని చెప్పాలి. అదే ‘కికై ఒ తొమెమషిత’ అంటే మెషిన్‌ని ఆపేశాం అని. జపాన్ ఇంజినీర్ వెంటనే లేచి ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, లైన్‌లో క్వాలిటీ సమస్య వచ్చిందా అని వరసగా అడుగుతాడు. ఒక్క ‘గ’కీ ‘ఒ’కీ మధ్య అంత తేడా ఉంది. ఇంగ్లీష్‌లో రెండింటికీ స్టాప్ అన్న ఒక్క మాటే కాబట్టి అక్కడి నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడ తడబడతారు. మనకి ఆగు–ఆపు, మారు–మార్చు, మొదలవు–మొదలుపెట్టు, తెరుచుకొను–తెరుచు అని జంటలు ముందే ఉన్నాయి. వాటి పక్కన తొమరు–తొమెరు, కవరు–కఎరు, హజిమరు–హజిమెరు, అకు–అకెరు రాసుకోండి. తెలుగు జంటలో మొదటిది అయితే ‘గ’, రెండోది అయితే ‘ఒ’. జపాన్ రైళ్ళలో తలుపులు మూసే ముందు ‘దొఅ గ షిమరిమస్’ అని వినిపిస్తుంది, తలుపులు మూసుకుంటున్నాయని. మీరే లేచి తలుపు మూస్తే అది ‘దొఅ ఒ షిమెమస్’ అవుతుంది.

ఇక్కడిదాకా హాయి. ఇప్పుడు తెలుగు మనల్ని ముంచే చోట్లకి వద్దాం. మీ ప్రాక్టీస్ టైమ్‌లో ముప్పావు వంతు వీటికే ఇవ్వండి.

మొదటి ముద్దాయి ‘లో’. మన ఒక్క ‘లో’కి జపనీస్‌లో కనీసం మూడు పార్టికల్స్ ఉన్నాయి.

బెంగళూరులో ఉంటున్నాను. బెంగళూరు ని సుందె ఇమస్.
బెంగళూరులో పనిచేస్తున్నాను. బెంగళూరు దె హతరైతె ఇమస్.
పార్కులో నడుస్తాను. కోఎన్ ఒ అరుకిమస్.

ఉండటం ‘ని’, పని జరగడం ‘దె’, ఒక చోటు గుండా సాగిపోవడం ‘ఒ’. చెప్పడం తేలికే, వాక్యం చెప్పే క్షణంలో గుర్తు రావడమే కష్టం. అందుకని నా దగ్గర చదువుకునేవాళ్ళకి రెండు చిట్కా ప్రశ్నలు ఇస్తాను.

ఒకటి, ‘ఉంది’ని తీసేసి ‘జరుగుతుంది’ పెట్టి చూడండి. ‘రూములో టేబుల్ ఉంది’లో టేబుల్ జరగదు కాబట్టి ‘ని’. ‘రూములో మీటింగ్ ఉంది’లో మీటింగ్ జరుగుతుంది కాబట్టి ‘దె’: కైగిషిత్సు దె కైగి గ అరిమస్. ఎన్4లో ఇది అడగడానికి వాళ్ళకి భలే సరదా.

రెండోది, పని అయిపోయాక ఆ వస్తువు అక్కడే మిగిలిందా అని చూడండి. ‘నోట్‌బుక్‌లో పేరు రాశాను’ అంటే పేరు నోట్‌బుక్‌లో మిగిలింది కాబట్టి ‘నోతొ ని కకిమషిత’. ‘లైబ్రరీలో ఉత్తరం రాశాను’ అంటే రాసిన పని మాత్రమే అక్కడ జరిగింది కాబట్టి ‘తొషొకన్ దె కకిమషిత’. కుర్చీలో కూర్చోవడం, బ్యాగులో పెట్టడం ఇవన్నీ ‘ని’ వైపే. ‘పరీక్షలో పాసయ్యాను’ మాత్రం ఈ లెక్కలకి లొంగదు, ‘షికెన్ ని గోకకు షిమషిత’ అని అలాగే పట్టేయాలి.

రెండో ముద్దాయి మన ‘ని’. జపనీస్ ‘ని’తో శబ్దం ఒకటే కావడంతో కొందరు పూర్తిగా అయోమయంలో పడతారు. ‘రవిని చూశాను’ అంటే ‘ఒ’. ‘రవిని పిలిచాను’ అన్నా ‘ఒ’. ‘రవిని కలిశాను’ అంటే ‘రవి-సన్ ని అఇమషిత’. ‘రవిని అడిగాను’ కూడా ‘ని’యే. ‘రవిని పెళ్ళి చేసుకుంది’ అంటే ‘రవి-సన్ తొ కెక్కొన్ షిమషిత’. కాబట్టి ఇక్కడ సూత్రం వెతకొద్దు, క్రియతో పాటే పార్టికల్‌ని కూడా నేర్చుకోవాలి. నోట్‌బుక్‌లో ‘అఉ’ అని ఒంటరిగా రాయకుండా ‘ని అఉ’ అని రాయండి. అలాగే ‘తొ కెక్కొన్ సురు’, ‘ని కికు’, ‘ని నొరు’, ‘ఒ ఒరిరు’, ‘ఒ యసుము’. బట్టీ పట్టేటప్పుడు నోట్లో పార్టికల్ ముందు రావాలి.

‘కి’ చాలావరకు మంచిదే. అమ్మకి ఫోన్ చేశాను, ఆఫీసుకి వెళ్ళాను, ఏడు గంటలకి లేచాను, అన్నిటికీ ‘ని’ సరిపోతుంది. మోసం చేసేవి కొన్నే: ‘అమ్మకి సాయం చేశాను’ని ‘హహ ఒ తెత్సుదైమషిత’ అంటారు, ‘ఆఫీసుకి సెలవు పెట్టాను’ని ‘కైష ఒ యసుమిమషిత’ అంటారు.

‘తో’ది ఇంకో మోసం. మనిషితో అయితే ‘తొ’. పెన్నుతో, కత్తితో, చాప్‌స్టిక్స్‌తో అయితే ‘దె’. జ్వరంతో అన్నా ‘దె’. ‘జ్వరంతో ఆఫీసుకి సెలవు పెట్టాను’ అనే వాక్యం నా ఫేవరెట్ పరీక్ష. ‘నెత్సు దె కైష ఒ యసుమిమషిత’ అని తడుముకోకుండా వచ్చిందంటే ఆ మనిషి తెలుగు వలలోంచి బయటపడ్డట్టే. చాలామంది ‘నెత్సు తొ కైష ని’ అంటారు.

చివరిది, అసలు కనిపించనిది: తెలుగులో ఏమీ పెట్టని చోటు. ‘కాఫీ తాగాను’, ‘బస్సు ఎక్కాను’, ‘బస్సు దిగాను’, ‘మెట్లు ఎక్కాను’, ‘రవి ఇల్లు’, ‘సోమవారం వస్తాను’. వీటిలో ఎక్కడా విభక్తి లేదు. జపనీస్‌లో వరసగా కోహీ ఒ, బసు ని, బసు ఒ, కైదన్ ఒ, రవి-సన్ నొ ఇఎ, గెత్సుయోబి ని. బస్సు ఎక్కితే ‘ని’, ఎందుకంటే చేరుకునే చోటు. మెట్లు ఎక్కితే ‘ఒ’, ఎందుకంటే వాటి మీదుగా సాగిపోతాం. ‘రేపు వస్తాను’కి మాత్రం అక్కడ కూడా ఏమీ ఉండదు. మనవాళ్ళు ‘వతషి తొమొదచి’ అంటూ ‘నొ’ మింగేయడానికి కారణం ఇదే. ‘నా ఫ్రెండ్’లో మనకి అతుకు కనిపించదు మరి. ‘యొక్క’ పుస్తకాల్లోనే మిగిలిపోయింది.

‘వ’, ‘గ’ తేడా గురించి చెప్పకపోతే ఊరుకోరని తెలుసు. దీని మీద పెద్ద పెద్ద పుస్తకాలే వచ్చాయి, ఎన్4కి అంత లోతు అక్కర్లేదు. తెలుగులో ‘నేనే’, ‘నేనైతే’ అనే రెండు మాటలు పట్టుకోండి. ‘కాఫీ నేనే చేశాను’ అంటే ‘వతషి గ త్సుకురిమషిత’. వాక్యాన్ని తిరగేసి ‘కాఫీ చేసింది నేను’ అనగలిగితే అది ‘గ’. ‘నేనైతే తినను’, ‘మాంసం మాత్రం తినను’ అంటే ‘వ’: నికు వ తబెమసెన్. ఎవరు, ఏది అని కర్తని అడిగే ప్రశ్నకీ దాని జవాబుకీ ఎప్పుడూ ‘గ’. ‘నేను చేసిన కూర’ లాగా పెద్ద వాక్యం లోపల దూరిన చిన్న వాక్యంలో కర్తకి ‘వ’ రాదు: వతషి గ త్సుకుత్త కరే. వర్షం పడుతోంది, బస్సు వచ్చింది అని కళ్ళ ముందు కనిపించినదాన్ని అప్పటికప్పుడు చెబితే ‘గ’. వీటితో పరీక్ష గడిచిపోతుంది. మిగతాది వినీ వినీ రావాల్సిందే.

దీనికి ప్రాక్టీస్ ఎలాగంటే, ఒకే సంగతికి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరొచ్చారు? రవి-సన్ గ కిమషిత. రవి ఏం చేశాడు? రవి-సన్ వ కఎరిమషిత. రవి, సీత ఇద్దరూ వచ్చారా? రవి-సన్ వ కిమషిత గ, సీత-సన్ వ మద దెస్. (ఆ మధ్యలో వచ్చిన ‘గ’ మన ‘కానీ’, దాన్ని చూసి కంగారు పడకండి.) ఇంట్లో ఎవరైనా ఉంటే ప్రశ్న తెలుగులో వాళ్ళని అడగమనండి, జవాబు మీరు జపనీస్‌లో చెప్పండి. వాళ్ళకి జపనీస్ రాకపోయినా పర్లేదు.

అన్నట్టు ప్రతి వాక్యానికీ ముందు ‘వతషి వ’ తగిలించొద్దు. మనం మాత్రం నిమిషానికోసారి నేను, నేను అంటామా?

ఇప్పుడు రోజువారీ పద్ధతులు. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది తిరుగు అనువాదం. మీ పుస్తకంలో ఇప్పటికే చదివి అర్థమైన సంభాషణ ఒకటి తీసుకోండి. దాన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి. గ్రాంథికం వద్దు, ‘నేను నా స్నేహితునితో కూడి’ అని రాస్తే తర్వాత మీకే నవ్వొస్తుంది. పుస్తకం మూసేయండి. వారం తర్వాత ఆ తెలుగు చూసి జపనీస్‌లో రాయండి. అప్పుడు అసలుతో పోల్చి పార్టికల్స్ మాత్రమే ఎర్ర పెన్నుతో దిద్దండి. కంజీ తప్పైనా, పదం మరిచిపోయినా ఆ రోజుకి వదిలేయండి.

దిద్దాక ముఖ్యమైన పని ఉంది. ప్రతి తప్పు పక్కన అది ఏ తెలుగు మాట వల్ల వచ్చిందో రాయండి: ‘లో’ వల్ల, ‘ని’ వల్ల, ‘తో’ వల్ల, సున్నా (అంటే తెలుగులో ఏమీ పెట్టని చోటు) వల్ల. నా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి నోట్‌బుక్‌లో ఒక పేజీ చూస్తే ఎడమవైపు మార్జిన్ నిండా ‘సున్నా’, ‘సున్నా’, ‘సున్నా’ అని ఉంది. “అక్కా, నాకు ‘లో’తో సమస్యే లేదు, నేను ‘ఒ’ మింగేస్తున్నాను, అంతే” అంది. ఇంకెవరూ చెప్పకుండా తనే పట్టుకుంది. ఆ తర్వాత రెండు వారాలు వేరే ప్రాక్టీస్ ఏమీ చేయకుండా ‘సున్నా’ వాక్యాలే తిప్పించాను.

యాంకీ (ఫ్లాష్‌కార్డుల యాప్) వాడేవారైతే ఖాళీలు పూరించే కార్డులు చేయకండి. నాలుగోసారి చూసేసరికి కార్డు ఆకారం గుర్తుండిపోయి జవాబు వచ్చేస్తుంది, పార్టికల్ మాత్రం రాదు. ముందు వైపు తెలుగు వాక్యం, వెనక వైపు జపనీస్ వాక్యం పెట్టండి. గట్టిగా చెప్పాకే కార్డు తిప్పాలి. వాక్యాలు మీ జీవితంలోవి అయితే మేలు. ఇంటర్నెట్‌లో తతొఎబ లాంటి వాక్యాల గనులు ఉన్నాయి గానీ వాటిలో విద్యార్థులు రాసినవి, అతకని వాక్యాలు కూడా కలిసిపోయి ఉంటాయి. జపాన్ వాళ్ళు రాసినవని తెలిస్తేనే తీసుకోండి.

వినికిడికి ఒక పద్ధతి చెబుతాను, ఇది క్లాసుల్లో పెద్దగా చేయించరు. ఒక నిమిషం ఆడియో పెట్టుకుని పార్టికల్స్, క్రియలు మాత్రమే రాయండి. మిగతా మాటల చోట గీత గీయండి. కాగితం మీద ‘– వ – ని – ఒ కైమషిత’ లాగా మిగులుతుంది. వేగంగా మాట్లాడేటప్పుడు ‘వ’, ‘ఒ’ దాదాపు వినిపించవు, చెవిని వాటి మీదే పెట్టించడానికి ఇదొక మార్గం. తర్వాత స్క్రిప్టుతో సరిచూసుకోండి. దీనికి జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ‘ఇరొదొరి’ బాగా పనికొస్తుంది. పుస్తకం పీడీఎఫ్, ఆడియో రెండూ వాళ్ళ సైట్‌లో ఉచితం. మీ స్థాయికి ప్రాథమికం రెండో భాగం పట్టుకోండి.

యానిమే చూస్తూ నేర్చుకుంటానంటారు చాలామంది. చూడండి, కాదనను. కాకపోతే స్నేహితుల మధ్య మాటల్లో ‘కోహీ నొము?’ అని ‘ఒ’, ‘వ’ ఎగరగొట్టేస్తారు. పెట్టడం అలవాటయ్యాక తీసేయడం తేలిక, తీసేసింది విని పెట్టడం నేర్చుకోవడం కష్టం. అందుకని ఎన్4 అయ్యేదాకా వార్తలు, పాఠ్య సంభాషణలు, స్టేషన్ ప్రకటనలు ఎక్కువ వినండి. ‘మమొనకు, నిబన్‌సెన్ ని దెన్ష గ మైరిమస్’ లాంటి ప్రకటనలో ‘ని’, ‘గ’ రెండూ ఉన్నాయి. రెండో ప్లాట్‌ఫారం మీదికి రైలు వస్తోందని అర్థం. యూట్యూబ్‌లో ఇలాంటివి కొల్లలు.

మాట్లాడటానికి మనిషి దొరకడం లేదన్నారు. రోజూ మెట్రోలో ఎంజీ రోడ్డు దాకా వెళ్తానన్నారుగా, చేస్తున్న ప్రతి పనినీ మనసులో చెప్పుకుంటూ వెళ్ళండి. ఇఎ ఒ దెమస్. ఎకి మదె అరుకిమస్. కైదన్ ఒ అగరిమస్. దెన్ష ని నొరిమస్. ఇసు ని సువరిమస్ (సీటు దొరికిన రోజు). దెన్ష నొ నక దె ఒంగకు ఒ కికిమస్. ఎంజీ రోడ్డు దె ఒరిమస్. మజెస్టిక్ దాకా వెళ్ళే రోజైతే ‘మజెస్టిక్ దె గ్రీన్ లైన్ ని నొరికఎమస్’. లో, ని, సున్నా చిక్కులన్నీ ఈ ఒక్క ప్రయాణంలోనే ఉన్నాయి. రోజూ అవే పనులు కాబట్టి నోరు తిరుగుతుంది. విసుగొస్తే నిన్నటి మాటగా మార్చి చెప్పండి, తర్వాత ‘చేయలేదు’ అని చెప్పండి. ‘సువరిమసెందెషిత’ ఎటూ రోజూ వాడాల్సిందే.

టైపింగ్ కూడా మంచి ప్రాక్టీస్. కీబోర్డులో ‘వ’ కావాలంటే హెచ్, ఏ కొట్టాలి, ‘ఎ’ కావాలంటే హెచ్, ఈ, ‘ఒ’ కావాలంటే డబ్ల్యూ, ఓ. పలికేది ఒకటి, రాసేది ఒకటి అయ్యేది ఈ మూడింటికే. చేతికి అలవాటైతే పార్టికల్‌ని పదంలో భాగంగా కాక విడిగా గుర్తించడం కూడా వస్తుంది.

ఆఫీసు మెయిల్స్ రాసేవాళ్ళకి ‘మదె’, ‘మదె ని’ జాగ్రత్త. మన ‘వరకు’, ‘లోపు’ సరిగ్గా ఇవే. ‘శుక్రవారం లోపు పంపండి’ అంటే ‘కిన్‌యోబి మదె ని ఒకుత్తె కుదసై’. ఆ ‘ని’ మరిచిపోతే శుక్రవారం వరకు పంపుతూనే ఉండండి అన్నట్టు వినిపిస్తుంది. అవతలివాళ్ళు మర్యాదకి ఏమీ అనరు, అర్థం చేసుకుని ఊరుకుంటారు. కాబట్టి తప్పని మీకు ఎప్పటికీ తెలియదు.

పరీక్ష సంగతి. జేఎల్‌పీటీలో మాట్లాడటం, రాయడం లేవు, అంతా ఆప్షన్లే. తప్పు జవాబుకి మార్కులు కోయరు, కాబట్టి ఏదీ వదలొద్దు. ఎన్4కి మొత్తం 180కి 90 రావాలి. భాష, చదవడం కలిపి 120కి కనీసం 38, వినికిడిలో 60కి కనీసం 19 తెచ్చుకోవాలి. పార్టికల్స్ నేరుగా అడిగేది గ్రామర్ మొదటి రకంలోనే అయినా, అసలు దెబ్బ పడేది నక్షత్రం ప్రశ్నలో. నాలుగు ముక్కల్ని వరసలో పెట్టి నక్షత్రం ఉన్న గడిలో ఏది వస్తుందో చెప్పాలి. అక్కడ క్రియ ముక్కని ముందు పట్టుకుని, అది ఏ పార్టికల్ కోరుతుందో చూసి వెనక్కి రండి. ‘ని అఉ’, ‘ఒ యసుము’ అని జంటగా నేర్చుకున్నవాళ్ళకి ఇది నిమిషం పని. అధికారిక సైట్‌లో నమూనా ప్రశ్నలు ఉచితంగా ఉన్నాయి, టైమ్ పెట్టుకుని చేయండి.

చాట్‌బాట్‌ల గురించి కూడా అడిగారు. ‘లో వచ్చే తెలుగు వాక్యాలు ఇరవై ఇవ్వు, నా జపనీస్ దిద్దు’ అంటే చక్కగా చేస్తాయి, వాడుకోండి. ‘ఇక్కడ గ ఎందుకు, వ ఎందుకు కాదు’ అని అడిగితే మాత్రం ఏ జవాబైనా నమ్మకంగానే చెబుతాయి, ఒకే వాక్యానికి రెండుసార్లు రెండు కారణాలు చెప్పడం నేను చూశాను. అలాంటివి మనిషిని అడగండి. హలోటాక్ లాంటి చోట భాషా మార్పిడికి జపాన్ వాళ్ళు దొరుకుతారు. బెంగళూరులో ఏటా జరిగే జపాన్ హబ్బకి వెళ్తే ముఖాముఖిగానే పరిచయాలవుతాయి. వాళ్ళని కూడా ‘ఎందుకు’ అని అడగొద్దు. మనల్ని ‘నేనే’కీ ‘నేనైతే’కీ తేడా ఏంటని అడిగితే మనమూ నీళ్ళు నములుతాం. రెండు వాక్యాలు రాసి ‘దొచ్చి గ షిజెన్ దెస్ క’ అనండి, ఏది సహజంగా ఉందని. అందులోనూ ‘గ’యే వచ్చింది చూశారా, ఏది అన్నది కర్తని అడిగే ప్రశ్న కాబట్టి.